కనబడని మంటతో కొలువు

2024 మార్చి 18న అద్దంకి సమీపంలో 16వ నంబరు జాతీయ రహదారి మీద వాయుసేన డోర్నియర్ విమానం ఒకటి దిగి, మళ్లీ గాల్లోకి లేచింది. అత్యవసర వేళ విమానాలు దిగేందుకు వేసిన 4.1 కిలోమీటర్ల కాంక్రీటు దారి అది. అంతకు పద్నాలుగు నెలల ముందు, 2023 జనవరి 19న, ఇంగ్లండ్‌లోని కాట్స్‌వోల్డ్ విమానాశ్రయం నుంచి మరో డోర్నియర్ 228 పది నిమిషాలు ఎగిరింది. దాని ఎడమ రెక్కకు జీరోఏవియా సంస్థ ఎలక్ట్రిక్ మోటారు అమర్చింది. మోటారుకు కరెంటు ఇచ్చినవి క్యాబిన్‌లో పెట్టిన హైడ్రోజన్ ఫ్యూయల్ సెల్స్, వాటికి తోడుగా బ్యాటరీలు. కుడి రెక్కకు మామూలు ఇంజనే.

డోర్నియర్‌ను మన దేశంలో హెచ్ఏఎల్ కాన్పూరులో తయారుచేస్తోంది. అంటే మనకు బాగా తెలిసిన విమానమే ఇంధనం మార్చుకుంటోంది. మరి వాడరేవు, చీరాల, బాపట్ల నుంచి విమాన నిర్వహణ చదువుకు వెళ్లే పిల్లలకు ఆ కొత్త ఇంధనం గురించి ఎవరు నేర్పాలి? పుస్తకంలో చదివితే చాలదు, చేతికి అలవాటు కావాలి.

వాడరేవులో చేపల బేరమంతా ఐసు మీదే. ఐసు ఫ్యాక్టరీలో అమ్మోనియా లీకైతే ముక్కు ముందే పసిగడుతుంది. హైడ్రోజన్‌కు రంగు లేదు, వాసన లేదు. వంటగ్యాసుకు కలిపినట్టు వాసన కలుపుదామంటే ఫ్యూయల్ సెల్స్ పాడవుతాయి. గాలిలో 4 నుంచి 75 శాతం దాకా ఎంత కలిసినా అంటుకుంటుంది. పట్టపగలు ఆ మంట కంటికి దాదాపు కనబడదు. ఇన్నాళ్లూ కన్నునూ ముక్కునూ నమ్ముకున్న మెకానిక్ ఇక సెన్సారును నమ్మాలి, నమ్మేముందు దాన్ని పరీక్షించాలి.

ద్రవ హైడ్రోజన్ అయితే మైనస్ 253 డిగ్రీలు. తొడుగు సరిగా లేని గొట్టం మీద చుట్టూ ఉన్న గాలే ద్రవమై కారుతుంది. అందులో ఆక్సిజన్ పాలు ఎక్కువ, కింద నూనె మరక ఉన్నా ముప్పే.

ద్రవ హైడ్రోజన్‌తో పనిచేసే విద్య మన తీరానికి కొత్తది కాదు. వాడరేవు నుంచి దక్షిణంగా వెళితే ఇదే సముద్రం ఒడ్డున శ్రీహరికోట. అక్కడి నుంచే 2014 జనవరి 5న ద్రవ హైడ్రోజన్‌ను మండించే స్వదేశీ క్రయోజెనిక్ ఇంజన్‌తో జీఎస్ఎల్‌వీ-డీ5 రాకెట్ విజయం సాధించింది. 2021 ఆగస్టు 12న జీఎస్ఎల్‌వీ-ఎఫ్10 విఫలమైంది. ద్రవ హైడ్రోజన్ ట్యాంకు వాల్వులో సీలు లీకై, ఒత్తిడి పడిపోయి, పైదశ ఇంజన్ వెలగలేదు. ఒక్క సీలు! విమాన విద్యార్థికి ఇంతకు మించిన పాఠం ఎక్కడా దొరకదు.

హైడ్రోజన్ విమానాలు ఆలస్యమవుతున్న మాట నిజమే. 2035కల్లా తెస్తామని 2020లో చెప్పిన ఎయిర్‌బస్, 2025లో ఆ గడువు వాయిదా వేసింది. యూనివర్సల్ హైడ్రోజన్ సంస్థ 2024లో మూతపడింది. అయినా విమానం వచ్చాక శిక్షణ మొదలెడితే కుదరదు. లైసెన్సున్న ఇంజనీరు తయారవడానికి ఏళ్లు పడుతుంది, బోధించేవాళ్లు తయారవడానికి ఇంకా ఎక్కువ. హైదరాబాదులో విమాన నిర్వహణ నేర్పే సంస్థలు శ్రీహరికోట అనుభవజ్ఞులను పాఠాలకు పిలవాలి. ముందుగా మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌తోనే సాధన చేయించవచ్చు. అది మండదు, తేలిగ్గా దొరుకుతుంది. గాలి ఆడే చోట, చేతులకు తగిన తొడుగులు వేసి, గొట్టం కలపడం, విడదీయడం, లీకు పట్టడం ఈ ఏడాదే నేర్పవచ్చు.