గోడకు చెవులుంటాయి

సాయంత్రం ఆరు దాటాక దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా రోడ్డు కనిపించదు, బండ్లే కనిపిస్తాయి. కోచింగ్ సెంటర్ల నుంచి పిల్లలు, సాయిబాబా గుడి నుంచి భక్తులు, బట్టల షాపుల నుంచి సంచులు మోసుకుంటూ కుటుంబాలు. చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ దాటి ఎల్బీనగర్ చౌరస్తాకు చేరేసరికి ఆ ప్రవాహం పాయలవుతుంది. ఒకటి హయత్‌నగర్ మీదుగా విజయవాడ దారి పడుతుంది, ఒకటి నాగోల్ వైపు తిరుగుతుంది, మరొకటి సాగర్ రోడ్డుకు మళ్లుతుంది. దారి చీలే చోట డివైడర్ ముక్కును చూడండి. బండ్లు ఒరుసుకున్న గీతలన్నీ అక్కడే. తిన్నగా సాగే రోడ్డుకు లేని కష్టం చీలికకు ఉంటుంది.

పుర్రె అడుగున మనకూ అలాంటి చీలికలున్నాయి. మెదడు బరువు ఒంట్లో యాభయ్యో వంతే అయినా, గుండె పంపే రక్తంలో దాదాపు ఏడో వంతు దానికే కావాలి. మెడలోంచి ఎక్కిన నాలుగు ధమనులు మెదడు కింద ఒక వలయంగా కలుసుకుని, అక్కడి నుంచి కొమ్మలు వేస్తాయి. ఇంగ్లండ్ వైద్యుడు థామస్ విల్లిస్ 1664లో తన పుస్తకంలో దీన్ని వర్ణించాడు. ఆ పుస్తకానికి బొమ్మలు గీసినవారిలో, తర్వాత లండన్ సెయింట్ పాల్ కేథడ్రల్ కట్టిన క్రిస్టఫర్ రెన్ ఒకడు. మెదడు ధమనుల్లో ఉబ్బే బుడగలు, అంటే అన్యూరిజాలు, ఎక్కువగా ఈ వలయం చీలికల దగ్గరే పుడతాయి.

ఈ వలయంలోని ధమనిని అడ్డంగా కోసి మైక్రోస్కోపులో చూస్తే ముందు రక్తాన్ని తాకుతూ ఒకే ఒక్క వరుస కణాలు. దాని వెనక అలలు అలలుగా మెలికలు తిరిగిన సాగే పొర, ఎలాస్టిన్‌తో అల్లింది. తర్వాత చుట్టూ తిరిగిన కండర కణాలు, బయట కొల్లాజెన్ పోగులు. ఒంట్లోని మిగతా పెద్ద ధమనులకు బయటివైపు కూడా ఒక సాగే పొర ఉంటుంది. పుర్రెలోకి వచ్చేసరికి అది మాయం. ఆనుకోవడానికి చుట్టూ కండ కూడా లేదు, ఉన్నదల్లా మెదడు చుట్టూ నిండిన నీరే. మిగిలిన ఆ ఒక్క పొరలోని ఎలాస్టిన్ చాలామటుకు తల్లి కడుపులోనూ, పసితనంలోనూ తయారైందే. పెద్దయ్యాక తెగితే మళ్లీ అంత పొందిగ్గా అల్లడం ఒంటికి చేతకాదు. డెబ్బై ఏళ్ల తాతగారి తలలో రోజుకు లక్షసార్లు సాగి ముడుచుకునే ఆ పోగులు ఆయన ఉయ్యాల నాటివి. ఇంతకన్నా వింత ఏం కావాలి?

కావాలంటే ఉంది. ఆ గోడ వింటుంది. లోపలి వరుస కణాలు రక్తం తమను ఒరుసుకుపోయే వేగాన్నీ దిశనూ పసిగడతాయి. ప్రవాహం నిలకడగా ఉన్నచోట అవి అటువైపే పొడవుగా సాగి ఒకే బారుగా సర్దుకుంటాయి. ఆ ఒరిపిడి కబురు కణ కేంద్రకం దాకా చేరి కేఎల్‌ఎఫ్2 లాంటి జన్యువులను మేల్కొలుపుతుంది. అవి మేలుకుని ఉన్నంతకాలం గోడ ప్రశాంతంగా ఉంటుంది. రక్తం సుడి తిరిగేచోట, మందగించేచోట కణాలు బారు తప్పుతాయి. కేఎల్‌ఎఫ్2 నీరసిస్తుంది, మంటను రగిలించే జన్యువులు లేస్తాయి, తెల్లకణాలకు పిలుపులు వెళతాయి. జన్యువులు అవే. ఏవి పలకాలి, ఏవి ఊరుకోవాలి అన్నదే మారింది.

కండర కణాలది ఇంకో కథ. బిగుసుకోవడం వాటి పని. గోడకు దెబ్బ తగిలితే ఆ బిగువు జన్యువులను తగ్గించుకుని మరమ్మతుకు దిగుతాయి, కొల్లాజెన్ తయారుచేస్తాయి. అయితే పాత అల్లికను కత్తిరించే ఎంజైములనూ వదులుతాయి. లోపలికి చొరబడిన మాక్రోఫేజ్‌లనే తెల్లకణాలు ఎంఎంపీ-9 లాంటి ఎంజైములతో ఆ కోతను మరింత పెంచుతాయి. కట్టేదానికన్నా కోసేది ఎక్కువైననాడు గోడ పల్చబడి ఉబ్బుతుంది. అందుకే అన్యూరిజాన్ని పాడైన గొట్టం అనడానికి నాకు మనసొప్పదు. ఏళ్ల తరబడి తనను తాను బాగుచేసుకుంటూ ఓడిపోతున్న గోడ అది.

ఆపరేషన్‌లో సర్జన్ మైక్రోస్కోపు కింద ఆ పోరాటం కంటికి కనిపిస్తుంది. బుడగ అంతా ఒకే రంగులో ఉండదు. ఒకచోట పసుపు తెలుపు కలిసి మందంగా ఉంటే, ఆ పక్కనే లోపల తిరిగే రక్తం తెలిసేంత పల్చగా, ఎర్రగా ఉంటుంది. 2004లో హెల్సింకిలో యుహానా ఫ్రోసెన్ బృందం ఆపరేషన్లలో తీసిన 66 బుడగల గోడలను పోల్చింది. 24 చిట్లనివి, 42 చిట్లినవి. చిట్లినవాటిలో లోపలి కణాల వరుస దెబ్బతిని, గోడలో కణాలు చచ్చి, మాక్రోఫేజులు ఎక్కువగా కనిపించాయి. ఇలాంటి ముక్కల్లో జన్యువుల పలుకును చదివిన పరిశోధనలు కూడా మంట జన్యువులు హెచ్చాయనీ, కండర బిగువు జన్యువులు తగ్గాయనీ చెప్పాయి. పోలికకు చాలాసార్లు తీసుకునేది అదే రోగి కణత దగ్గరి ధమని ముక్క.

వంశం పాత్ర కూడా ఉంది. పదివేలకు పైగా రోగుల జన్యువులను పరిశీలించిన 2020 నాటి అంతర్జాతీయ అధ్యయనం, ముప్పుతో ముడిపడిన 17 చోట్లను గుర్తించింది. పొగతాగడం, బీపీలకు మొగ్గు కలిగించే వారసత్వం ఈ ముప్పుతో కలిసి నడుస్తుందని కూడా అందులో తేలింది.

భయపడాల్సింది ఎంత? యాభై ఏళ్ల చుట్టుపక్కలవాళ్లు వందమందికి స్కాన్ తీస్తే ముగ్గురిలో ఇలాంటి బుడగ కనిపించవచ్చు. వాటిలో ఎక్కువ భాగం జీవితాంతం చిట్లవు. ఎల్బీనగర్ మెట్రో దిగి మన పక్కన నడిచేవారిలోనూ ఉండొచ్చు, మనలోనూ ఉండొచ్చు. ప్రతివాళ్లూ స్కాన్‌కు పరుగెత్తనక్కర్లేదు. దగ్గరి రక్తసంబంధీకుల్లో ఇద్దరికి వచ్చి ఉంటే, లేదా వంశపారంపర్యంగా కిడ్నీల్లో నీటితిత్తుల జబ్బు ఉంటే మాత్రం డాక్టరును అడగండి. మిగతావాళ్లు బీపీ చూపించుకుంటే, సిగరెట్ మానేస్తే చాలా మేలు. బుడగ చిట్లితే ఎలా తెలుస్తుందన్న ఒక్క సంగతి మాత్రం ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి. పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ ఎరగనంత తలనొప్పి ఒక్క క్షణంలో వచ్చి పడితే, దాంతోపాటు వాంతులు, మెడ బిగుసుకోవడం, స్పృహ తప్పడం ఉన్నా లేకున్నా, అమృతాంజనం రాసి పడుకోబెట్టకండి. వెంటనే 108కి ఫోన్ చేసి సీటీ స్కాన్ ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్లండి.