గానుగ నూనె పరీక్షకు పోయే ముందు

షోలాపూర్ పూర్వ భాగంలోని మన నేత పేటలలో వంటనూనె అనగానే కుసుమ నూనె, వేరుశెనగ నూనె గుర్తుకు వస్తాయి. కుసుమను ఇంట్లో ఒక పేరుతో, అంగడిలో 'కరడయి' అని మరొక పేరుతో పిలవడం మనకు అలవాటే. నూనెలో సీసం, రాగి వంటి లోహాలు చేరాయన్న అనుమానం కలిగితే నమూనాను ప్రయోగశాలలో పరీక్షింపజేయవచ్చు. అయితే నమూనా తీసిన తీరు సరిగా లేకపోతే, చేయని తప్పు గానుగవాని మెడకు చుట్టుకుంటుంది.

వెదుకుతున్న పరిమాణం ఎంత స్వల్పమో చూడండి. అంతర్జాతీయ కోడెక్స్ ప్రమాణం ప్రకారం శుద్ధి చేయని నూనెలో రాగి కిలోకు 0.4 మిల్లీగ్రాములు మించరాదు. అనగా కోటి పాళ్లలో 4 పాళ్లు. శుద్ధి చేసిన నూనెకు హద్దు 0.1 మాత్రమే. రాగి అధికమైతే నూనె త్వరగా చెడి కనరు వాసన వేస్తుంది. అటువంటప్పుడు నమూనాను ఇత్తడి చెంబులో తీసుకుపోతే ఏమవుతుంది? ఇత్తడిలో అధిక భాగం రాగియే కదా!

కనుక పలుచని నత్రికామ్లంలో నానబెట్టి, పరిశుద్ధ జలంతో కడిగి ఆరబెట్టిన ప్లాస్టిక్ సీసాను ప్రయోగశాల నుండే అడిగి తెచ్చుకోవాలి. మూతకు లోహం ఉండరాదు. డబ్బా అడుగున మడ్డి నిలిచి ఉంటుంది గనుక బాగా కుదిపిన తరువాతనే నూనె వంపాలి.

నూనెను నేరుగా యంత్రంలోకి పంపితే అందులోని కర్బనం కొలతను చెరుపుతుంది. అందుచేత సుమారు అర గ్రాము నూనెను నత్రికామ్లం, హైడ్రోజన్ పెరాక్సైడ్‌లతో మూసిన టెఫ్లాన్ పాత్రలో ఉంచి, మైక్రోవేవ్ కొలిమిలో సుమారు 200 డిగ్రీల వరకు వేడిచేస్తారు. అధిక నూనె పోస్తే వాయువులు పెరిగి పాత్ర పగిలే ప్రమాదం ఉంది. ఇది ఇంట్లో చేయదగిన పని ఎంతమాత్రం కాదు. నూనె కరిగి తేట ద్రవమైన పిదప నీటితో 25 మిల్లీలీటర్లకు పెంచుతారు. ఇది 50 రెట్ల పలుచన. లెక్కలో తిరిగి 50తో గుణించాలి. ఆ ద్రవంలో చేరిన మలినం కూడా అన్ని రెట్లు పెరిగి కనబడుతుంది. అందుకే నూనె లేకుండా ఆమ్లాలతోనే మరొక పాత్రను నడిపి, అందులో వచ్చిన విలువను తీసివేస్తారు.

కొనుగోలుదారు స్వయంగా పరీక్ష చేయించుకునే హక్కును 2006 నాటి ఆహార భద్రతా చట్టం 40వ సెక్షన్ ఇచ్చింది. రుసుము చెల్లించి ఆహార విశ్లేషకునికి నమూనా ఇవ్వవచ్చు. అయితే పరీక్షకు ఇస్తున్నామని నూనె కొనేటప్పుడే అమ్మేవారికి తెలపాలి. చాలామంది మరచేది దీనినే. నివేదికలో ఉల్లంఘన తేలితే కట్టిన రుసుము తిరిగి వస్తుంది.