గ్లైడరు సాక్షికి వార్ధక్యము

ఇంజను లేని గ్లైడరు పైకెగయు వేడిగాలుల ఆసరాతో వందల కిలోమీటర్లు సాగును. ఆ పయనమునకు సాక్షి జి.పి.యస్. రికార్డరు. అది ఉపగ్రహ సంకేతములతో స్థానమును, వాయుపీడనముతో ఎత్తును గుర్తించి, ఆ లెక్కను ఎవరును దిద్దకుండ రహస్యాంకములతో ముద్ర వేయును. 1990 దశకములో వచ్చిన పలు రికార్డర్లలో ఆ అంకములను నిలుపునది ఒక చిన్న లిథియం ఘటము.

ఏండ్లు గడచి ఘటము నీరసించినచో అంకములు చెరిగిపోవును. యంత్రము యథాప్రకారము వ్రాయుచునే యుండును. కాని ప్రపంచ రికార్డులకు దాని సాక్ష్యము చెల్లదు. పోనీ, పెట్టె విప్పి కొత్త ఘటము నుంచినచో? మూత తీయగానే లోపలి స్విచ్చి అంకములను తుడిచివేయును! మోసమును ఆపు ఉపాయమే మరమ్మతునకు అడ్డు. కావున తయారీదారులో, వారి అనుమతి గలవారో ఘటమును మార్చి, అంకములను మరల ఎక్కింపవలెను. పనిలో పనిగా పీడనమాపకమును కూడ సరిచూడవలెను. ఏండ్లు గడచినకొలది అదియు కొంత తేడా చూపును.