చెవులు చెప్పు కథ

తెరమీద ఒక పొట్టేలు నిలిచియున్నది. నడుము పైభాగము మాత్రమే కనబడుచున్నది. ఒంటిమీద చొక్కా, చెంపల ప్రక్కగా చుట్టుతిరిగిన బరువైన కొమ్ములు రెండు. ఆ కొమ్ములను చూచినంతనే మన పల్లెల పొట్టేళ్ల పందెములు తలపునకు వచ్చి, ఇతడు ఢీకొనువాడేగాని వెనుదీయువాడు కాడని నిశ్చయించుకొందుము. కాని క్రింది గడిలో అక్షరములు ఒక్కొక్కటిగా వెలువడుచుండగా తెలియవచ్చునది వేరు. కార్ల్ అను ఈ యువకుడు పెద్దలు కట్టిన ఇంట ముడుచుకొని దినములు గడపువాడు, నలుగురిలోనికి వచ్చుటకు జంకువాడు, తనయందు తనకే నమ్మకము లేనివాడు. ఆ కొమ్ములు అతడు మోయలేక మోయుచున్న బరువులు.

కార్ల్ 'ఎకో' అను ఫర్రీ విజువల్ నావెల్‌లోని పాత్ర. జపాను దేశమున పెంపొందిన ఈ సాహిత్యరూపములో వెనుక దృశ్యచిత్రము, ముందు స్ప్రైట్ అనబడు పాత్రయొక్క బొమ్మ, క్రింద వచనము, వెంట సంగీతము ఉండును. పాఠకుడు మీట నొక్కుచు చదువుచుండగా నడుమ నడుమ ఎదురగు ప్రశ్నలకు అతడెన్నుకొన్న జవాబునుబట్టి కథ పాయలుగా చీలును. ఆ పాయను రూట్ అందురు. ఇక ఫర్రీలనగా మనుష్యులవలె నిలిచి నడచి, బట్టకట్టి, మాటలాడు జంతుపాత్రలను ప్రాణప్రదముగ ప్రేమించువారు. వారు తమకై ప్రత్యేకించి ఏర్పరచుకొన్న తొలి మహాసభ 1989లో కాలిఫోర్నియాలోని కోస్టా మెసాలో జరిగినది. చిన్ననాట విడిచిన కొండపల్లెకు వేసవిలో మరలివచ్చిన యువకుని కథయగు 'మొరెనాట్సు'ను జపానులోని ఔత్సాహికులు ఉచితముగ వెలువరించి ఫర్రీ విజువల్ నావెళ్ల శాఖకు త్రోవ చూపిరి. 2004లో వెలువడిన రెన్‌పై అను ఉచిత సాధనమువలన, కథ వ్రాయువాడొకడు, బొమ్మ గీయువాడొకడు కలిసిన చాలుననెడి వెసులుబాటు కలిగినది.

ఎకో యనునది అమెరికా నైరుతిభాగపు ఎడారిలో రచయితలు కల్పించిన ఒక శిథిలగ్రామము. కథ చెప్పు చేజ్ నీటికుక్క. జలములలో ఈదులాడవలసిన జీవిని ఎడారియందు పుట్టించుటయే గాక, అతని బాల్యమిత్రుడగు సిడ్నీ ఆ ఊరి సరస్సులోనే మృతిచెందినట్లు కల్పించుట నా దృష్టిలో గొప్ప కవితాయుక్తి. కళాశాల చదువునకై ఊరు విడిచిన చేజ్ సెలవులలో తిరిగివచ్చి, పాతమిత్రులైదుగురిలో ఎవరితో కాలము గడపునో ఆ మిత్రుని పాయలో కథ సాగును.

చిన్నయసూరి నీతిచంద్రిక చదివిన మనకు జంతువులు మాటలాడుట వింతకాదు. కాని అందు నక్క జిత్తులమారియని మొదటనే తెలియును, తుదివరకు అట్లే యుండును. ఇచట జాతి మొదటి చూపునకు కలుగు అభిప్రాయము మాత్రమే. ఆ అభిప్రాయమును పరీక్షించుటయే కథ. తోడేలనగానే మనకు క్రౌర్యము స్ఫురించును. ఎకోలోని తోడేలు లియో క్రూరుడు కాడు. చేజ్‌ను ఒకప్పుడు ప్రేమించి, నేటికిని విడువజాలనివాడు. తోడేలు మందగా బ్రదుకు ప్రాణియని జ్ఞప్తికి వచ్చినపుడు, ఆ ప్రేమ ఎట్లు తోడుగా మొదలై కంచెగా మారుచున్నదో బోధపడి గుండె బరువెక్కును.

రూపకల్పనలో నన్ను మిక్కిలి ఆకర్షించునది ముఖవిన్యాసము. చిత్రకారుడు ఒక్క దేహమును గీసి, కన్నులు, కనుబొమలు, నోరు విడివిడిగా రచించి, మాటకొక తీరున మార్చుచుండును. మనుష్యముఖమునకు లేని రెండుపకరణములు అతనికి దొరకినవి: కదలు చెవులు, తోక. మనిషి పెదవులను అదుపులో పెట్టుకొని "నాకేమి, బాగుగనే యున్నాను" అనగలడు. అదే మాట క్రింది గడిలో కనబడుచుండగా పైనున్న బొమ్మయొక్క చెవులు వెనుకకు వాలినచో, మాట దాచినదానిని చెవి చెప్పివేయును. రచయిత ఒక్క విశేషణమైన వాడనక్కరలేదు. ఫెన్నెక్ నక్కయగు జెన్నాకు ముఖమంతేసి చెవులుండుట ఇందుకెంత అనుకూలము! మూతిచుట్టు వన్నె తేలికగా నుంచుట, ఒక్కొక్క పాత్రకు నీడచూచి గుర్తింపదగిన ఆకారము కల్పించుట ఈ చిత్రకారుల నిత్యాభ్యాసము.

ఈ గ్రంథములు పలుమారు భాగములుగా వెలువడును. పాఠకులు నెలనెల చందాలిచ్చి పోషింపగా, మన వారపత్రికల ధారావాహికలవలె కొన్ని ఏండ్లపాటు పెరుగును. పెక్కింటియందు నాయకుడు పురుషుడు, అతడు ప్రేమించునదియు పురుషునే. ఇంట చెప్పుకొనలేని ప్రేమను చెప్పుకొనుటకు ఎందరికో ఈ జంతురూపము చనువిచ్చినదని నేను నమ్ముచున్నాను, అందులకే ఈ శాఖయెడ నాకు గౌరవము.

ఎకో భయానకకథ, పెద్దలు మాత్రమే చదువదగినది, ఉచితముగ లభించుచున్నది. చేజ్ తన మనస్సులోని దానినంతయు పాఠకునికైన చెప్పడు. ఒక పాయలో దాచినది మరియొక పాయలో బయటపడును. కావున చదువరులారా, ఒక్క పాయతో ఆపి అతనిపై తీర్పు చెప్పకుడు. తక్కిన నాలుగింటిని కూడ చదువుడు.