గాలికి దారి చూపించే దోసకాయ

మధ్యాహ్నం రెండు గంటల ల్యాబ్‌లో అందరికీ ఆవలింతలే. తప్పంతా భోజనం మీదకి తోసేస్తాం. కానీ తలుపులు, కిటికీలు మూసుకుని అరవై మంది ఒకే గదిలో కూర్చుంటే కార్బన్ డయాక్సైడ్ పెరుగుతూనే ఉంటుంది. మామూలు స్ప్లిట్ ఏసీ బయటి గాలిని తీసుకురాదు, గదిలో ఉన్న గాలినే చల్లబరిచి తిప్పుతుంది. అంటే చల్లదనం వేరు, వెంటిలేషన్ వేరు. ఈ తేడా తెలిశాకే నాకు లండన్‌లోని ఒక ఆఫీస్ బిల్డింగ్ అర్థమైంది.

దాని పేరు 30 సెయింట్ మేరీ యాక్స్. 2004లో తెరిచారు. 41 అంతస్తులు, 180 మీటర్ల ఎత్తు. ఆకారం చూసి జనం 'గెర్కిన్' అంటారు, అంటే ఊరబెట్టే చిన్న దోసకాయ. ఆ ఆకారం ఫోటోల కోసం కాదు.

డబ్బాలాంటి బిల్డింగ్‌ని గాలి కొడితే, కొంత గాలి గోడ వెంట కిందికి దూకి రోడ్డు మీద నడిచేవాళ్ళని ఇబ్బంది పెడుతుంది. గుండ్రంగా ఉంటే పక్కల నుంచి జారిపోతుంది. అలా జారేటప్పుడు గాలి తగిలే వైపు ఒత్తిడి ఎక్కువ, పక్కల్లో తక్కువ. ఎక్కువ ఉన్నచోటి నుంచి తక్కువ ఉన్నచోటికి గాలి దానంతటదే వెళ్తుంది. ఫ్యాన్ అక్కర్లేదు, దారి ఉంటే చాలు.

ఆ దారే అసలు డిజైన్. ప్రతి అంతస్తులోనూ అంచున ఆరు త్రికోణాలు కోసి ఖాళీగా వదిలారు. ఒక్కో అంతస్తునీ కింది దానికంటే 5 డిగ్రీలు తిప్పి కట్టారు. దాంతో ఆ ఖాళీలు కలిసి మెలితిరిగిన బావుల్లా పైకి వెళ్తాయి. నిటారుగా ఉంటే బావి మొత్తం ఒకే వైపు ఉండేది. మెలిక వల్ల కింద ఒక ఒత్తిడి, పైన ఇంకో ఒత్తిడి తగులుతాయి. బయట వాతావరణం అనుకూలంగా ఉన్నప్పుడు సెన్సర్లు చూసి కిటికీలు తెరిపిస్తాయి, లేకపోతే ఏసీయే. మన భాషలో చెప్పాలంటే ఒక ఇఫ్-ఎల్స్.

కానీ గాలి వెళ్ళే దారిలో పొగ కూడా వెళ్తుంది కదా! అందుకే అగ్నిప్రమాదం గురించి ఆలోచించి, ఆరేసి అంతస్తులకు ఒకసారి బావిని అడ్డంగా మూసేశారు. గాలి కొంచెం తగ్గినా పర్వాలేదు, ప్రాణాలు ముఖ్యం.

ఇదే బిల్డింగ్‌ని హైదరాబాద్‌లో కట్టేస్తే? మే నెలలో కిటికీ తెరిస్తే వచ్చేది వడగాలి. ఆకారాన్ని కాపీ కొట్టొచ్చు గానీ వాతావరణాన్ని కొట్టలేం. మన పాత మండువా ఇళ్ళల్లో నడిమధ్య ఆకాశానికి తెరిచి ఉంచేది వేడి గాలి పైకి పోవడానికి కూడా. అది మన ఎండకి మనవాళ్ళు రాసుకున్న కోడ్.

నన్ను బాగా ఆలోచింపజేసింది చివరి ముక్క. గెర్కిన్‌లో అద్దెకొచ్చిన కొందరు తమ అంతస్తుల్లో ఆ బావుల వైపు గ్లాస్ పార్టిషన్లు పెట్టేసుకున్నారు. అంత లెక్కా వేసి దారి చేస్తే, వాడేవాళ్ళు మూసేశారు! యూజర్‌ని అడగకుండా రాసిన సాఫ్ట్‌వేర్ గతి కూడా ఇంతే.

ఈమధ్య ల్యాబ్ బ్రేక్‌లో ఓ కిటికీ తెరుస్తున్నా. "ఏసీ వేస్ట్ అయిపోతోంది!" అని వెనక నుంచి అరుపులు. ఐదు నిమిషాలే, ఓర్చుకోండి.