గుండె చదువుకి ఒక్క ఏడాది

మెడిసిన్ సీటు వచ్చిందంటే మన తెలుగువాళ్ల ఇళ్లలో పండగే! ఆ మర్నాటి నుంచి ఇక లెక్కలు మొదలు. ఎన్నేళ్లకి పూర్తవుతుంది, కన్సల్టెంట్ ఎప్పుడవుతుంది, పెళ్లి ఎప్పుడు చెయ్యాలి? ఈ లెక్కల్లో "పరిశోధన" అనే మాటకి చోటు తక్కువ. లీసెస్టర్‌లో మెడిసిన్ చదువుతున్న మా అమ్మాయి మూడో సంవత్సరం తర్వాత ఒక ఏడాది గుండె పరిశోధనలో గడిపి వచ్చింది. ఆ అనుభవంతో తెలుసుకున్న నాలుగు విషయాలు మన పిల్లలతోనూ, తల్లిదండ్రులతోనూ పంచుకోవాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

మన ఊరు, మన గుండె

ముందుగా ఈ విషయం మనకి ఎందుకు కావాలో చెబుతాను. 2004లో వెలువడిన ఇంటర్‌హార్ట్ అనే అధ్యయనం 52 దేశాల్లో గుండెపోటు వచ్చినవారిని పరిశీలించింది. దాని ఆధారంగా 2007లో వచ్చిన మరో వ్యాసం ప్రకారం, భారత్‌తో సహా దక్షిణాసియా దేశాల్లో మొదటి గుండెపోటు వచ్చే వయసు సుమారు 53 ఏళ్లు. మిగతా దేశాల్లో అది దాదాపు 59. అంటే మనవాళ్లకి ఆరేళ్లు ముందే వస్తోందన్నమాట! పొగాకు, షుగరు, బీపీ, కొలెస్టరాల్, పొట్ట చుట్టూ కొవ్వు లాంటివి చాలావరకు కారణమని ఆ అధ్యయనమే చెప్పింది. వీటిని మనం అదుపులో పెట్టుకోవచ్చు.

ఇక మన లీసెస్టర్ సంగతి. ఇక్కడి గ్లెన్‌ఫీల్డ్ ఆసుపత్రి, లీసెస్టర్ విశ్వవిద్యాలయం గుండె పరిశోధనలో పేరున్న సంస్థలు. 1971లో కెన్యా నుంచి ఈ ఊరికి వచ్చిన గుజరాతీ కుటుంబంలోని కుర్రవాడు ఇక్కడే మెడిసిన్ చదివి, ఇక్కడే ప్రొఫెసరై, 2015లో నైట్‌హుడ్ అందుకున్నారు. ఆయనే సర్ నీలేష్ సమానీ. 2016 నుంచి 2023 వరకు బ్రిటిష్ హార్ట్ ఫౌండేషన్‌కి మెడికల్ డైరెక్టర్‌గా పనిచేశారు. చిన్న వయసులోనే గుండెజబ్బు వచ్చిన కుటుంబాల రక్త నమూనాలని లీసెస్టర్, లీడ్స్ బృందాలు సేకరించాయి. వాటి ఆధారంగా 9వ క్రోమోజోమ్‌లో గుండెజబ్బుతో ముడిపడిన ఒక భాగాన్ని 2007లో గుర్తించారు. అదే ఏడాది వేరే బృందాలూ అదే చోటుని కనుక్కోవడంతో సంగతి మరింత రూఢి అయింది.

అయితే ఆ నమూనాలు ఇచ్చినవారు యూరోపియన్ మూలాలవారు. 2021 జనాభా లెక్కల ప్రకారం లీసెస్టర్‌లో ప్రతి ముగ్గురిలో ఒకరు భారతీయ మూలాలవారే! మరి మనవాళ్ల సంగతి ఏమిటని అడిగేవాళ్లు, ఆ ప్రశ్నకి జవాబు వెతికేవాళ్లు మనలోంచి కూడా రావాలి కదా?

హైదరాబాద్ పల్లెల్లో పెట్టిన ఒక పూట ఆహారం

మనవాళ్ల మీద పరిశోధన చేస్తే ఏం తెలుస్తుందో చెప్పడానికి మన నేల మీది ఉదాహరణే ఉంది. 1987–90 మధ్య హైదరాబాద్ దగ్గర కొన్ని గ్రామాల్లో గర్భిణులకీ, చిన్నపిల్లలకీ అదనపు పౌష్టికాహారం అందించారు. పక్కనున్న మరికొన్ని గ్రామాల్లో ఆ పథకం లేదు. ఆ పిల్లలు 13–18 ఏళ్ల వయసుకి వచ్చాక పరిశోధకులు తిరిగి వెళ్లి, మొత్తం 29 గ్రామాల్లో వెయ్యికి పైగా పిల్లల్ని పరీక్షించారు. అదనపు ఆహారం అందిన ఊళ్ల పిల్లల్లో రక్తనాళాల బిరుసుదనం తక్కువగా ఉంది, శరీరం ఇన్సులిన్‌ని బాగా వాడుకుంటోంది. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఈ వివరాలు వచ్చాయి. తల్లి కడుపులో ఉన్నప్పటి తిండికీ పదిహేనేళ్ల తర్వాతి గుండె ఆరోగ్యానికీ సంబంధం ఉందని మన తెలుగు పల్లెలు లోకానికి చూపించాయి.

ఆ ఏడాదిలో ఏం చేస్తారు?

బ్రిటన్‌లో దీన్ని ఇంటర్‌కలేటెడ్ డిగ్రీ అంటారు. మెడిసిన్ మధ్యలో ఒక ఏడాది ఆగి, ఒక విషయాన్ని లోతుగా చదివి, పరిశోధన చేసి, మరో డిగ్రీతో తిరిగి క్లాసులో చేరతారు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ లాంటి చోట్ల ఇది ఆరేళ్ల కోర్సులోనే భాగం. చాలా కాలేజీల్లో మాత్రం ఇష్టమైనవాళ్లే చేస్తారు.

మా అమ్మాయి పని షుగరు వ్యాధి ఉన్నవారి గుండె ఎంఆర్ఐ చిత్రాలతో. మొదటి రెండు నెలలూ కంప్యూటర్ ముందు కూర్చుని గుండె గోడల అంచుల వెంట గీతలు గీయడమే. గీసినవాటినే కొన్ని వారాల తర్వాత మళ్లీ గీసి, రెండు కొలతలూ ఎంత దగ్గరగా ఉన్నాయో చూడాలి. తెనాలి నుంచి మా అమ్మ ఫోన్ చేసి, "ఇదేం చదువే? డాక్టరు చదువు మానేసి బొమ్మలు గీస్తోందా పిల్ల? ఏడాది వెనకబడదూ?" అంది. "అమ్మమ్మా, కొలత తప్పయితే మందు పనిచేసిందో లేదో ఎలా తెలుస్తుంది?" అని మనవరాలి జవాబు.

చివరికి తను ఆశించిన తేడా ఏదీ రెండు గుంపుల మధ్య కనిపించలేదు. పిల్ల కాస్త డీలాపడింది. కానీ "లేదు" అన్నది కూడా ఫలితమేననీ, దాన్ని ఉన్నదున్నట్టు రాయాలనీ వాళ్ల గైడ్ చెప్పారట. డాక్టరుకి ఇంతకన్నా మంచి పాఠం ఏముంటుంది చెప్పండి!

తల్లిదండ్రులు తెలుసుకోవలసినవి

ఖర్చు: ఇంగ్లండ్‌లో హోమ్ స్టూడెంట్లకి ఐదో సంవత్సరం నుంచి ట్యూషన్ ఫీజు ఎన్‌హెచ్ఎస్ బర్సరీ కడుతుంది. ఇంటర్‌కలేటెడ్ ఏడాది కూడా లెక్కలోకి వస్తుంది కాబట్టి ఏ సంవత్సరం తర్వాత వెళ్తున్నారో చూసుకోవాలి.

పాయింట్లు: ఒకప్పుడు ఫౌండేషన్ ఉద్యోగాల ఎంపికలో అదనపు డిగ్రీకి పాయింట్లు ఉండేవి. 2023 ప్రవేశాల నుంచి తీసేశారు. కాబట్టి పాయింట్ల కోసమైతే ఈ ఏడాది వద్దు. ఆసక్తి ఉంటేనే వెళ్లాలి.

ఇంకా పెద్దవి: మెడిసిన్‌తో పాటే పీహెచ్‌డీ చేసేవారికీ, డాక్టరయ్యాక పరిశోధనకి వచ్చేవారికీ బ్రిటిష్ హార్ట్ ఫౌండేషన్ ఫెలోషిప్పులు ఇస్తుంది.

అమెరికాలోని మన బంధువుల పిల్లలకి: 1979లో మొదలైన సార్నాఫ్ ఫెలోషిప్ ప్రత్యేకంగా గుండె, రక్తనాళాల పరిశోధన కోసమే. విద్యార్థి తన కాలేజీ వదిలి వేరే సంస్థలోని ల్యాబ్‌లో ఏడాది పనిచేయాలి.

ఇండియాలో ఎంబీబీఎస్ చదివేవారికి: ఐసీఎంఆర్ కూడా 1979 నుంచే స్వల్పకాలిక స్టూడెంట్‌షిప్ ఇస్తోంది. రెండు నెలల ప్రాజెక్టు, కొంత స్టైపెండ్.

ఎక్కడైనా పద్ధతి ఒకటే. ముందు గైడ్‌ని వెతుక్కోవాలి. ఆయన వ్యాసాలు రెండు మూడు చదివి, మర్యాదగా ఒక ఈమెయిల్ రాయాలి. జవాబు రాకపోతే ఇంకొకరికి రాయాలి.

పిల్లలూ, మీకో మాట

మీ గుండె రోజుకి దాదాపు లక్షసార్లు కొట్టుకుంటుంది. అందుకు కావలసిన శక్తి ఏటీపీ అనే పదార్థం నుంచి వస్తుందని స్కూల్లో చదివే ఉంటారు. దాన్ని 1929లో లోకానికి తెలిపినవారిలో ఒకరు మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు! అంతకు రెండేళ్ల ముందే, ఆయన, ఫిస్కే అనే ఆచార్యుడు కలిసి కండరాల్లో శక్తిని దాచే ఫాస్ఫోక్రియేటిన్‌ని కూడా కనుక్కున్నారు. 1923లో హార్వర్డ్‌కి వెళ్లినప్పుడు ఆయనకి పెద్ద ఫెలోషిప్ ఏదీ లేదు. కాకినాడలోని ఒక ధర్మసంస్థ, మామగారు అండగా నిలిచారు. బోస్టన్‌లో ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరు పని చేస్తూ చదువుకున్నారు. అంతటి మనిషిని 1948లో, 53 ఏళ్ల వయసులో, గుండెపోటే తీసుకుపోయింది.

ఆయన పడ్డ కష్టం ఇప్పుడు మీరు పడనక్కరలేదు. డబ్బిచ్చేవారున్నారు, నేర్పేవారున్నారు, ఇంటికి దగ్గరలోనే ల్యాబులున్నాయి. మీలో ఎవరికైనా "ఎందుకిలా?" అని అడిగే అలవాటు ఉంటే దాన్ని మానుకోకండి. ఇక పెద్దలకి నా మనవి: పిల్ల వచ్చి "అమ్మా, ఒక్క ఏడాది" అంటే, వద్దనే ముందు ఆ ప్రశ్న ఏమిటో కాస్త కూర్చోబెట్టి అడగండి.