మేనత్తగారి సంచిలోని కార్డులు

కిందటి వేసవిలో ఆఫీసుకు నాలుగు రోజులు సెలవు దొరకగా, బెంగుళూరు నుండి పిల్లలతో కారులో హోసూరు వెళ్ళాము. నలభై కిలోమీటర్లే. అత్తిబెలె దాటగానే తమిళనాడు, బోర్డుల లిపి మారింది గాని, మేనత్తగారి గుమ్మంలో "ఇప్పుడా వస్తిరి?" అన్న తెలుగు మారలేదు.

మరునాడు ఆమెనూ మనుమణ్ణీ కూర్చోబెట్టుకొని కృష్ణగిరి ఆనకట్టకు బయలుదేరాము. దారిలో మామిడితోపులు, ఎక్కువగా తోతాపురి. మాకు తమిళం చదవడం రాదు. బోర్డులన్నీ చదివి దారి చెప్పినవాడు ఆ కుర్రవాడే. నందికొండల్లో పుట్టిన దక్షిణ పినాకినికి 1950లలో కట్టిన ఆనకట్ట ఇది. గాలి హాయిగా ఉన్నది. చెట్టు నీడన పులిహోర విప్పాము.

అప్పుడు మేనత్తగారు సంచిలోంచి పాతకార్డులు తీశారు. మామగారు కృష్ణగిరిలో ఉద్యోగం చేసేనాడు వ్రాసినవి.

"ఈ అక్షరాలు నాకు రావు. మీరు చదవండి మామా" అన్నాడు కుర్రవాడు.

2006 చట్టంతో బడులలో తమిళం ఒకటో తరగతి నుండి వరుసగా తప్పనిసరి అయింది. ఉన్నచోటి భాష నేర్వవలసిందే. మేమూ కన్నడం నేర్చినవాళ్ళమే. కాని ఇంట్లో మాట్లాడే భాషలో తాత కార్డు చదవలేకపోవడం మాకు కష్టమనిపించింది. తప్పు వాడిది కాదు. నేర్పని పెద్దలది, మాతో సహా.

మేము చదువుతూంటే మేనత్తగారు కళ్ళు మూసుకొని విన్నారు. "తాత పేరేది?" అని వాడడిగాడు. మా అమ్మాయి వేలుపెట్టి చూపింది. తిరుగుదారిలో కారు అద్దం దుమ్ములో ఆ మూడక్షరాలూ వ్రాశాడు, ఒకటి తలక్రిందులుగా.